కుట్టేసిన కనాతు

సువార్త కూటాల రెండో రోజు సాయంత్రం హన్మకొండ మైదానంలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆడవాళ్ల పందిట్లో గ్యాసు లైటు ఒకటి ఉన్నట్టుండి భగ్గుమంది, పైనున్న తాటికమ్మ అంటుకుంది. వాలంటీర్ల కెప్టెన్ ఏలియా గుంజ ఎక్కి తడిపిన గోనెసంచితో దాన్ని ఆర్పేశాడు. మంట ఎవరినీ తాకలేదు. కానీ జనమంతా ఉన్న ఒక్క వాకిలికే పరుగెత్తడంతో తొక్కిసలాట జరిగింది, ధర్మసాగర్ పూలమ్మ చెయ్యి నలిగింది. సంఘ పెద్దలు గండం గడిచిందని స్తోత్రాలు చెప్పుకుని ఇళ్లకు పోయారు. పూలమ్మ చేతికి కట్టు కట్టిన నర్సు లిదియా మాత్రం ఆ మాట అనలేకపోయింది. ఆమె ఏలియా భార్య. కూటాల కమిటీ అధ్యక్షుడు జ్ఞానప్రకాశం గారికి కోడలు.

ఇక ఈ రోజు ఆఖరి రోజు. ఎలక్షన్లు అయిపోయిన ఆ ఎండాకాలం జనానికి పొద్దుపోయే పని మరొకటి లేదు. ఆఖరి కూటానికి పరకాల నుంచి, హసన్‌పర్తి నుంచి బండ్లు కట్టుకుని వస్తున్నారని ముందే కబురు వచ్చింది.

పొద్దున దవాఖానలో పూలమ్మ కట్టు మారుస్తూ లిదియా అడిగింది.

"మంటకు భయపడి తొక్కిన్రు గదా నిన్ను?"

"మంటెక్కడిది బిడ్డా. నేను చూడనే లేదు. అందరు లేచిన్రని లేచిన. వాకిట్లకు వచ్చినంక చెప్పుల కోసం వంగిన. నా పక్కామె గూడ వంగింది. ఎనుకనుంచి ఉరికొచ్చేటోళ్లకు ఏమెరుక, మేం వంగినమని."

"పానం మీదికి వచ్చినప్పుడు చెప్పులు ఇడిసిపెట్టి రావద్దా పూలమ్మా?"

"మొన్ననే కుట్టిచ్చిన చెప్పులు. ఎట్ల ఇడిసిపెడుత చెప్పు."

లిదియాకు నవ్వు రాలేదు. నవ్వడానికి ఏముంది, మనలో ఎవరం మాత్రం కొత్త చెప్పులు వదిలేసి వస్తాం. వాకిట్లో చెప్పుల కుప్ప, దాని మీద వంగిన ఆడవాళ్లు, వాళ్ల వెనక వందల మంది. ఆ దృశ్యం ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. తప్పు గ్యాసు లైటుది ఒక్కదానిదే కాదు. అది మళ్లీ భగ్గుమనకపోయినా, ఏ పామో కనిపించిందని ఎవరైనా అరిచినా, ఇవాళ అదే జరుగుతుంది. మొన్న పూలమ్మ చెయ్యితో పోయింది. ఇవాళ అంతకు రెండింతల జనం.

ఏలియా మంచివాడు. పెళ్లాం చెప్పింది వింటాడు, విన్నట్టు నలుగురిలో ఒప్పుకోడు, అంతే తేడా. అతను కమిటీ వాళ్లను పట్టుకుని చెప్పులు వాకిట్లో కాకుండా అవతల వేపచెట్టు కింద విడిచేట్టు ఏర్పాటు చేశాడు. కుక్కలు ఎత్తుకుపోతాయేమోనని పెద్దమనుషులు చాలాసేపు వాదించి చివరికి సరేనన్నారు. లైట్ల పైన రేకులు కట్టించాడు. ఇసుక పోయించాడు. రెండు పెద్ద డ్రమ్ముల నిండా నీళ్లు పట్టించి పందిరి పక్కన పెట్టించాడు. ఇంకొక్కటే మిగిలింది. దాన్ని అడగడానికి మాత్రం అతనికి నోరు రాలేదు.

"నువ్వే అడుగు. నేనడిగితే నాయిన నా మొకం గూడ చూడడు" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం లిదియా మైదానానికి వెళ్లేసరికి జ్ఞానప్రకాశం గారు ఖాళీ పందిట్లో కుర్చీ వేసుకుని విసనకర్రతో విసురుకుంటున్నారు. స్కూలు హెడ్మాస్టరుగా రిటైరై చాలా ఏళ్లయినా, ఆయన కూర్చుంటే ఎదుటివాడు తెలియకుండానే చేతులు కట్టుకుని నిలబడతాడు. భార్య దీనమ్మ ఆయనకు అన్నం గిన్నె తెచ్చి, పక్కన ఈతచాప మీద కూర్చుంది. పందిరి వేసే మొగిలయ్య కాలిన కమ్మ తీసేసి కొత్తది కడుతున్నాడు. ఏలియా గుంజ దగ్గర నిలబడి, ఏ సంబంధమూ లేనివాడిలా మైకు వైరు చూస్తున్నాడు.

"మామా, చెప్పుల సంగతి ఒప్పుకున్నరు. మంచిగైంది. ఇంకొకటున్నది."

"నీళ్లు పెట్టిచ్చిన్రు. ఇసుక పోపిచ్చిన్రు. ఇంకేమున్నది?"

"ఎనుక తోవ."

విసనకర్ర ఆగింది. ఆడవాళ్ల వైపు పందిరికి మూడు దిక్కులా కనాతు గుడ్డ కట్టి ఉంది. రోడ్డు వైపు వాకిలి ఒకటే. వెనక కోసేసిన జొన్నచేను. ఆ వెనకవైపు రెండు కనాతులు కలిసే చోట, ఈ ఏడాది ఆయనే దగ్గరుండి సుతిలి తాడుతో, గోనెసంచులు కుట్టే దబ్బనంతో పైనుంచి కిందిదాకా కుట్టించారు.

"ఆ కుట్లు ఇప్పియ్యాలె మామా. ఇయ్యాల ఏమన్నయితే అందరు ముంగటికే ఉరుకుతరు. పసిపిల్లల తల్లులైతే ఎనుకనే కూసుంటరు. వాళ్లు ముంగటి వాకిట్లదాక ఎన్నడు వచ్చేది?"

"ఏం గాదు. దేవుడున్నడు."

"మొన్న గూడ ఉన్నడు మామా. పూలమ్మ చెయ్యి నలిగింది."

ఏలియా గట్టిగా దగ్గాడు. జ్ఞానప్రకాశం గారు కోడలిని కొత్తగా చూస్తున్నట్టు చూశారు.

"ఎనుక చేను. పొద్దుగూకితే చీకటి. పోకిరోళ్లు వచ్చి ఆ సందుల నుంచి చూస్తరు. ఆడపిల్లల తల్లులు వచ్చి నన్నడుగుతరు. వాళ్లకు జవాబు నువ్వు చెప్తవా?"

"వాలంటీర్లను పెడుదం."

"మొగ పిలగాండ్లను ఆడోళ్ల ఎనుక చీకట్ల పెడుదమా? మంచి మాట చెప్తానవు."

అందులో న్యాయం లేకపోలేదు. లిదియా ఆ మాట దగ్గర ఆగిపోయేదే. కానీ పూలమ్మ నలిగిన వేళ్లు ఇంకా ఆమె కళ్లలో ఉన్నాయి. ఇంట్లో ఏడాదిగా ఎవరూ ఎత్తని పేరు ఆమె నోటి నుంచి వచ్చేసింది.

"మీకు పోకిరోళ్ల ఫికర్ లేదు మామా. రూతు గురించే ఈ కుట్టుడంత."

మొగిలయ్య కమ్మ కట్టడం ఆపి, వెంటనే మళ్లీ మొదలుపెట్టాడు. దీనమ్మ చాప మీద ఈనె ఒకటి పీకి వేలికి చుట్టుకుంటోంది.

రూతు ఏలియా చెల్లెలు. కిందటేడు ఇవే కూటాల ఆఖరి రోజున, అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుండగా, వెనక తోవ గుండా వెళ్లిపోయింది. మైకు పెట్టడానికి వచ్చిన హసన్‌పర్తి వెంకట్రాజం చేన్లో బండితో ఉన్నాడు. మర్నాడు ఏదో గుడిలో దండలు మార్చుకున్నారు. సంఘ పెద్ద కూతురు, అందులోనూ సంఘం మొత్తం కళ్లు మూసుకుని ఉండగా. ఊరు ఆ ముచ్చటను ఎన్నాళ్లు చెప్పుకుని ఉంటుందో మీరే ఊహించుకోండి.

జ్ఞానప్రకాశం గారు కోప్పడతారని లిదియా అనుకుంది. ఆయన కోప్పడలేదు. విసనకర్ర ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా అడిగారు.

"పోయినేడు ఆ తోవ ఎవలు పెట్టిచ్చిన్రో ఎరుకేనా నీకు?"

ఆమెకు తెలియదు. కిందటేడు ఆ రోజు డ్యూటీలో ఉంది.

"నేనే పెట్టిచ్చిన. కమిటీ వద్దన్నది. పిల్లలేడిస్తే తల్లులు ఎట్ల బయటికి పోతరు, అగ్గి అంటుకుంటే ఎట్ల అని అడిగిన. నువ్వు ఇప్పుడు చెప్పినయన్ని నేను అప్పుడే చెప్పిన. కొట్లాడి తెరిపిచ్చిన. నా బిడ్డ ఆ తోవలనే పోయింది. వద్దన్నోళ్లు ఒక్క మాట అనలేదు లిదియా. ఒక్కొక్కలు వచ్చి వందనాలు పెట్టి పోయిన్రు. నన్ను ఎవలన్న తిట్టినా బాగుండు."

ఇంతసేపూ ఆయనకు ప్రమాదం తెలియకనే వద్దంటున్నారని లిదియా అనుకుంది. ఆయనకు తనకన్నా ముందే తెలుసు. తెలిసి చేసిన మంచిపని ఇల్లు ఇట్లా ముంచింది. ఆయన మీద జాలి కలిగింది, ఆ జాలితో ఊరుకుంటే సాయంత్రం ఏమవుతుందోనన్న భయమూ కలిగింది. భయమే గెలిచింది.

"ఆ తోవ లేకుంటే రూతు ముంగటి వాకిట్లకెల్లే పోయేది మామా. పోవాలనుకున్నది, పోయింది. తోవ ఏం చేసింది?"

ఆయన విసనకర్ర అందుకుని మళ్లీ విసురుకోసాగారు. లిదియా ఒక మెట్టు దిగింది.

"పోనియ్యి, తెరిచి పెట్టొద్దు. మూసే ఉంచుదం. కుట్టొద్దు, కడుదం. గుంజితే ఊడేటట్టు జారుముడి. దగ్గర మన ఇంటి మనిషే కూసుంటది."

"ఎవలు?"

"అత్తమ్మ."

జ్ఞానప్రకాశం గారు భార్య వైపు చూశారు. దీనమ్మ తలెత్తలేదు.

"కూసుంట" అంది.

ఇంత తేలికగా ఒప్పుకుంటుందని లిదియా అనుకోలేదు. అత్తకు ఏ పని చెప్పినా ముందు మోకాళ్ల నొప్పులు లెక్కపెడుతుంది. ఆ సంతోషంలో అదేమిటని ఆలోచించలేదు. జ్ఞానప్రకాశం గారు సైగ చేస్తే మొగిలయ్య వచ్చి కుట్లు ఊడదీశాడు, గుడ్డ పేలికలతో బొందెలు పెట్టి జారుముళ్లు వేశాడు. లిదియా ఒకసారి గుంజింది. కనాతు రెండుగా విడిపోయి చేన్లోంచి వడగాలి మొహానికి కొట్టింది. మళ్లీ కట్టించి మళ్లీ గుంజింది. అప్పుడు గానీ ఆమెకు నమ్మకం కుదరలేదు.

"ఆ దబ్బనం ఇటియ్యి మొగిలయ్యా" అంది దీనమ్మ లేస్తూ. "సుతిలి గూడ. ఇంట్ల వడ్ల సంచులు చినిగినయి. మీరందరు ఇంటికి పోయి జర ఒరిగి రాండ్రి. పందిరికాడ నేనుంట."

సాయంత్రం బండ్లు వస్తూనే ఉన్నాయి. ఎద్దుల్ని విప్పి రోడ్డు పక్కన కట్టేసి, దుమ్ము కొట్టుకున్న మొహాలతో ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని పందిట్లోకి నడుస్తున్నారు. ఏలియా గొంతు బొంగురుపోయింది. "చెప్పులు యాపచెట్టు కింద, చెప్పులు యాపచెట్టు కింద" అని అతను అరుస్తుంటే, ఒకావిడ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని లోపలికే పోయింది. అదీ నయమే అనుకుంది లిదియా.

మందుల పెట్టెను స్టేజీ పక్కన మగవాళ్ల వైపు పెట్టి, ఆమె పందిరి చుట్టూ తిరిగి చూసుకుంది. డ్రమ్ముల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఒక దాంట్లో నీళ్లు అడుక్కు పోయాయి. రెండో దాని చుట్టూ పరకాల వాళ్లు చెంబులతో ముంచుకుని మొహాలు కడుక్కుంటున్నారు, తాగుతున్నారు, పిల్లలకు తాగిస్తున్నారు.

"ఏందిది? గివి అగ్గికోసం పెట్టిన నీళ్లు గదా."

"ఎండల పడి వచ్చిన్రు" అన్నాడు ఏలియా నిస్సహాయంగా. "దూప అయినోళ్లను తాగొద్దని ఎట్లంటం?"

"మళ్ల పట్టిచ్చుడేనా మరి?"

"ధర్మసాగర్ చెరువు నీళ్లు పొద్దుగాలనే వచ్చి బందయినయి. నల్లా మళ్ల రేపే."

ఎవరిని ఏమనాలో ఆమెకు తోచలేదు. ఇసుక ఉంది, గోనెసంచులున్నాయి, తడపడానికి నీళ్లు మాత్రం చెంబులకెక్కి పోతున్నాయి. ఉన్న కాసిన్ని నీళ్లలో సంచుల్ని ముంచి ఉంచమని చెప్పి ఆడవాళ్ల వైపు నడిచింది. లైట్లు వెలిగించారు. తలెత్తి ఒక్కొక్క లైటు మీద రేకు ఉందో లేదో చూసుకుంటూ పోతోంది. ఉంది. దాని పక్కదానికీ ఉంది. అన్నిటికన్నా వెనక గుంజ మీది దానికి లేదు.

సరిగ్గా ఆ గుంజకే తల్లులు తొట్టెలలు కట్టుకున్నారు. పిల్లలు పడుకోవాలంటే మైకుకు దూరంగా ఉండాలి కదా. పాత చీరల తొట్టెలలు గుంజకూ, పక్క గుంజకూ వేలాడుతున్నాయి. పిల్లలు నిద్రపోతున్నారు, తల్లులు నిశ్చింతగా పాట అందుకున్నారు. లైటు దించడానికి నిచ్చెన కావాలి. నిచ్చెన మగవాళ్ల వైపు ఉంది. పాట అయ్యాక ఏలియాకు చెప్పాలి.

ముందు అత్తను చూడాలనుకుంది. తోవ ఉంటే చాలు, మిగతావన్నీ సర్దుకోవచ్చు. దీనమ్మ చెప్పిన చోటే కూర్చుని ఉంది, కనాతుకు వీపు ఆనించి, కదలకుండా.

"జరుగు అత్తమ్మా. ముళ్లు ఒకసారి చూస్త."

దీనమ్మ జరగలేదు. లిదియా వంగి ఆమె భుజం వెనక చెయ్యి పెట్టింది. బొందెలు తగలాల్సిన చోట గరుకుగా సుతిలి తగిలింది. ఇంకా కిందికి పోనిచ్చింది. కుట్టు పక్కన కుట్టు, నేలదాకా.

చెయ్యి వెనక్కి తీసి అత్త మొహంలోకి చూసింది.

"ఎవలు కుట్టిన్రు? మామ కుట్టిపిచ్చిండా?"

"ఆయనకు ఎరుక లేదు. నేనే కుట్టిన."

"నువ్వా? ఎందుకు?"

దీనమ్మ కళ్లతోనే పక్కకు చూపించింది. తొట్టెలలున్న గుంజ కింద ఒక అమ్మాయి తల మీదుగా కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. ఒక చెయ్యి తొట్టెల తాడు మీద ఉంది. కొంగు మొహాన్ని దాచింది గానీ, పాటకు తాళం వేస్తున్న ఆ వేళ్లను లిదియా ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఆ వేళ్లకు గోరింటాకు పెట్టింది తనే.

రూతు.

"కబురు పంపిన. పిల్లను ఎత్తుకోని వచ్చింది" అంది దీనమ్మ. గొంతు వినీవినపడనట్టుంది. "ప్రార్థన కాంగనే ఎనుకకెల్లి పోతదట. అతను చేన్ల బండి పెట్టుకోని ఉన్నడట, పోయినేడు లెక్కనే. పోయినేడు నా పక్కనే కూసున్నది లిదియా. పాస్టరు అయ్యగారు కండ్లు మూసుకోమన్నడు, మూసుకున్న. తెరిచేవరకు లేదు. ఈసారి ముంగటి వాకిట్లకెల్లే పోవాలె. ఆడ మీ మామ నిలవడుతడు. మనుమరాలిని ఒక్కసారి ఆయన కండ్లతోని చూడాలె. చూసినంక ఎట్లన్న పోనీ."

లిదియాకు అత్త మీద అరవాలనిపించింది, ఆమె కాళ్లు పట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

"దబ్బనం ఏది?"

"మొగిలయ్యకు ఇచ్చి పంపిన."

కత్తెర మందుల పెట్టెలో ఉంది. పెట్టె స్టేజీ పక్కన ఉంది. మధ్యలో కాలు పెట్టే సందు లేకుండా జనం. లిదియా కొంగు బిగించుకుని ముందుకు ఒక అడుగు వేసింది. అంతలోనే పాట ఆగింది. మైకులో అయ్యగారి గొంతు వినిపించింది.

"అందరు లేచి నిలవడి, కండ్లు మూసుకోండి."

పందిరి మొత్తం ఒక్కసారిగా లేచి నిలబడింది. ఆమెకు దారి మూసుకుపోయింది. వందల తలలు వంగాయి. అంత జనంలో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో లిదియాకు తల పైన గ్యాసు లైటు చప్పుడు మారడం వినిపించింది. సుయ్‌మని ఒకే తీరుగా పలికేది కాస్తా ఆగి ఆగి గుర్రుమంటోంది. ఆ వెంటే వాసన తగిలింది. కాలుతున్న తాటికమ్మ వాసన మొన్నే పీల్చిన ముక్కు అది, ఆమె పొరపడలేదు.

వెనక గుంజ మీది లైటు ఎర్రగా పైకి లేస్తోంది. దాని మీది కమ్మ అంచు నల్లబడి, మెల్లగా ఎర్రబడుతోంది. దాని కింద తొట్టెల.

అరిస్తే ఇంతమందీ ఒక్కసారి కళ్లు తెరిచి ముందు వాకిలికి పరుగెడతారు. పిల్లల తల్లులు తొట్టెలల కోసం వెనక్కి పరుగెడతారు. మధ్యలో నలిగేది ఎందరో ఆమెకు తెలుసు. అరవకపోతే కమ్మ అంటుకుంటుంది. లిదియా నోరు తెరిచి, ఆ నోటిని చేత్తో మూసుకుంది. తొట్టెల వైపు చేతులు చాచి, నిలబడ్డ ఆడవాళ్ల మధ్య నుంచి భుజంతో తోసుకుంటూ పోసాగింది.

రూతు కళ్లు మూసుకుని ఉంది. తోవ వైపు చూడటం లేదు, పారిపోయే ఆలోచన ఉన్న మనిషిలా లేదు. రెండు చేతులూ జోడించి, పెదవులు కదుపుతూ నిజంగానే ప్రార్థన చేసుకుంటోంది.

ఈ ఏడాది కళ్లు మూసుకోని మనిషి ఇంకొకరున్నారు. దీనమ్మ కూతురినే చూస్తోంది. కూతురి తల మీద ఎర్రటి వెలుగు పడటం చూసింది. తలెత్తి పైకి చూసింది. కోడలు ఎటు పోతోందో చూసింది.

ఆమె అరవలేదు. మోకాళ్ల నొప్పులన్నీ మరిచి గిరుక్కున వెనక్కి తిరిగి, కనాతు ముందు కూలబడి, తను వేసిన కుట్లను పళ్లతో కొరకడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు తీరిగ్గా కూర్చుని, సుతిలిని రెండు పేటలు చేసి కుట్టింది. గట్టిగానే కుట్టింది.